నలభై ఏడు వాళ్ళావిడ

హెల్మెట్ అద్దం మీద ఎండిపోయిన పురుగుల్ని గోకకూడదు. గోకితే గీతలు పడతాయి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డని అద్దం మీద పరిచి పావుగంట వదిలేస్తే అవే నాని, గుడ్డతోపాటు ఊడొస్తాయి. పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం పొద్దున్న ఆమె చేసే పని అది. వంటింటి గట్టు మీద ఒక పక్క టీ మరుగుతుంటుంది, ఇంకో పక్క హెల్మెట్ నానుతుంటుంది.

ఆ సోమవారం ఆమె గుడ్డ తీయబోతుంటే, బల్ల దగ్గర కూర్చుని గుడ్డు పెంకు ఒలుచుకుంటున్న భర్త తలెత్తకుండానే అన్నాడు.

"ఎడమ కన్ను దగ్గర పచ్చటిది ఒకటి ఉంటుంది చూడు. మూడో మలుపులోకి వంగుతుంటే వచ్చి కొట్టుకుంది. మిగతా రౌండంతా దాని పక్కనుంచి తొంగి చూస్తూ నడపాల్సొచ్చింది."

ఆమె గుడ్డ ఎత్తింది. అద్దం మీద ఎడమ కన్ను ఉండే చోట బఠాణీ గింజంత పచ్చటి మరక.

అతను మోటారు సైకిల్ రేసర్. రేసర్ నోట పురుగుల మాట రావడంలో వింతేమీ లేదు. వింతల్లా ఏమిటంటే, నిన్న ఆ హెల్మెట్ పెట్టుకుని ట్రాక్ మీద ఇరవై రెండు రౌండ్లు తిరిగింది ఆమె. ఆ గంటసేపూ అతను షెడ్డు వెనక ఆపిన వ్యానులో తలుపులు వేసుకుని పడుకుని ఉన్నాడు. హెల్మెట్ తీసి సంచిలో పెట్టింది ఆమె, సంచి ఇంటికి మోసుకొచ్చిందీ ఆమే. పురుగు సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అసలు గుడ్డ ఎత్తేదాకా ఆమెకే గుర్తు లేదు.

"నీకెలా తెలుసు?" అంది.

"నా కంటి ముందు చితికితే నాకు తెలీదా?" అన్నాడు అతను, ఉప్పు డబ్బా అందుకుంటూ.

పక్క గదిలోంచి అత్తగారు, "పొద్దున్నే వాడితో వాదనేమిటమ్మాయ్, అక్కడ టీ పొంగుతోంది" అన్నారు. నిజంగానే పొంగుతోంది.

ట్రాక్ దగ్గర మనుషుల్ని పేర్లతో పిలవరు, బండి మీద రాసిన నంబరుతో పిలుస్తారు. అతను నలభై ఏడు. ఆమె నలభై ఏడు వాళ్ళావిడ. అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ కొడుకు ఎదిగిన వైనం పూసగుచ్చినట్టు చెప్పేవారు. పదహారేళ్ళకి అరువు బండి మీద మొదలెట్టాడు. ముందు కొత్తవాళ్ళ తరగతి, ఆ పైన క్లబ్బు పోటీలు, ఆ పైన దేశం మొత్తం మీద జరిగే పోటీలు, ఆ పైన జీతమిచ్చి బండిచ్చే కంపెనీ టీము. "ఒక్కో మెట్టూ మావాడు ఒక్కడే ఎక్కాడు" అని ముగించేవారు. ఆ "ఒక్కడే" దగ్గరికి వచ్చేసరికి ఆమె సాధారణంగా వచ్చిన వాళ్ళకి టీ కప్పులు అందిస్తూ ఉండేది.

కొత్తవాళ్ళ తరగతిలో వాళ్ళిద్దరూ కలిసే ఉన్నారు. అక్కడే పరిచయం. ఆమెకి పంతొమ్మిదేళ్ళప్పుడు, ఏడాది చివరి పోటీలో, జోరు వానలో ఆమె మొదట వచ్చింది, అతను అయిదోవాడిగా వచ్చాడు. మరుసటేడు పెళ్ళయింది. "ఇద్దరూ బండెక్కి ఊరేగితే పొయ్యి దగ్గర ఎవరుంటారు?" అన్నారు అత్తగారు. అతను మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "ఒక్క సీజన్ ఆగు. నేను టీములో కుదురుకున్నాక నీ వంతు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడని ఆమె ఇప్పటికీ నమ్ముతుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఒక సీజన్ వచ్చింది. పిల్లల మాట కూడా అలాగే, "ఈ సీజన్ కానీ" అంటూ దాటుతూ వచ్చింది. ఆమె అతని తోలు సూటుకి చెమట వాసన పోయేలా లోపలి గుడ్డ కడిగేది, మోకాళ్ళ దగ్గర విడిపోయిన కుట్లు వేసేది, ఏ రోజు ఏ టైరులో ఎంత గాలి పెడితే బండి ఎలా తిరిగిందో పుస్తకంలో రాసేది, పోటీ రోజున గోడ పక్కన నిలబడి అతను దూసుకెళ్ళే క్షణంలో బోర్డు మీద అతని స్థానం, మిగిలిన రౌండ్లు చూపించేది. పేపరు వాళ్ళు వస్తున్నారంటే ముందు రోజు సాయంత్రం జవాబులు కూడా ఆమే రాసిచ్చేది. మీ విజయ రహస్యం ఏమిటని అడిగితే అతను ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, "క్రమశిక్షణ" అనేవాడు. ఆగమని రాసింది కూడా ఆమే.

పోయినేడు మూడో మలుపులో అతను పడ్డాడు. భుజం దగ్గరి ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది, డాక్టరు చీటీ ఇచ్చాడు, టీము మేనేజరు భుజం తట్టాడు. అయితే మూడో మలుపు దగ్గరికి రాగానే అతని కుడి చెయ్యి దానంతట అదే వేగం తగ్గించేయడం మొదలెట్టింది. "నేను వద్దంటున్నా వినదు, వేరే ఎవరి చెయ్యో అన్నట్టుంది" అని ఆమెకొక్కదానికే చెప్పాడు. ముప్పై నాలుగేళ్ళవాడికి అది చావుకబురే. ఎక్కేటప్పుడు మెట్టుకి ఏళ్ళు పడతాయి, దిగేటప్పుడు ఒక్క మలుపు చాలు.

సీజన్‌కి ముందు ఆదివారాల్లో, జనం లేని ట్రాక్ మీద, టైర్లు పరీక్షించే పని ఉంటుంది. మొదటి ఆదివారం పొద్దున్న మంచు కమ్ముకుని గోడ అవతల ట్రాక్ కనపడటం లేదు. అతను సూటు వేసుకుని వ్యానులో కూర్చున్నాడు. ఎంతకీ దిగలేదు. ఆమె తలుపు తీసి చూస్తే మోకాళ్ళ మీద హెల్మెట్ పెట్టుకుని దాని లోపలికి చూస్తున్నాడు.

"రెండంటే రెండు రౌండ్లు నువ్వు తిరిగి రా. టైర్లు వేడెక్కేదాకా. తర్వాత నేనెక్కుతా."

ఇద్దరిదీ ఒకే ఎత్తు. సూటు భుజాల దగ్గర కాస్త వదులైతే తువ్వాలు మడిచి దోపుకుంది. నల్లటి అద్దం దించేసుకుంటే లోపల ఎవరున్నదీ దేవుడికి కూడా తెలియదు. పదకొండేళ్ళ తర్వాత ఆమె బండెక్కింది. రెండో రౌండులో మూడో మలుపు దగ్గర మోకాలు నేలని తాకి గరగరమన్నప్పుడు హెల్మెట్ లోపల ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఆమెకే వినిపించి, ఎవరో అనుకుంది. రెండు రౌండ్లు పద్దెనిమిదయ్యాయి. గోడ మీద స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్న మేనేజరు బొటనవేలు పైకెత్తి చూపించాడు. "చూశావా, ఎముక అతికాక మనిషి ఇంకా పదునెక్కాడు" అన్నాడు పక్కవాళ్ళతో.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే. చెల్లెమ్మ రాలేదేమని మేనేజరు మొదటి వారం అడిగాడు. ఒంట్లో బాగాలేదని మెకానిక్ జవాబు చెప్పాడు. రెండో వారం ఎవరూ అడగలేదు. మూడో వారానికి, ఆమె పట్టుకునే బోర్డుని నిలబెట్టడానికి ఒక ఇనప స్టాండు చేయించారు.

మొదట్లో ఆమె ఆ రౌండ్లని ఇంటిదాకా తెచ్చుకునేది. గిన్నెలు తోముతూ ఒక్కో మలుపూ మళ్ళీ తిరిగేది. తర్వాత తర్వాత వ్యాను దిగేసరికే మసకబారేవి. ఇప్పుడైతే హెల్మెట్ తీయగానే చెవుల్లో గాలి హోరు ఆగుతుంది, దాంతోపాటే అంతా ఆగిపోతుంది. తడిసిన జుట్టు తప్ప బండెక్కినట్టు గుర్తేదీ ఉండదు. ఇరవై రౌండ్లు తిరిగినవాళ్ళకి ముంజేతులు కొయ్యబారిపోవాలి. ఆమె ఇంటికొచ్చి తడి దుప్పట్లు పిండి ఆరేస్తుంది. అతనేమో సీసా మూత తిప్పలేక ఆమె ముందు పెడతాడు. పోయిన వారం అతని కుడి మోకాలి మీద వంకాయ రంగులో కమిలిన మచ్చ కనిపించింది. మందు రాయమని కాలు చాపాడు. రాస్తుంటే, తన మోకాలు ఆ రోజు అంచు రాయికి తగిలిందన్న సంగతి లీలగా తోచింది. స్నానాల గదిలోకి వెళ్ళి చూసుకుంది. ఆమె మోకాలు నున్నగా, కడిగిన పింగాణీలా ఉంది.

మొహమాటపడి ఎన్నో ఇచ్చేసిన మనిషికి ఏది తను ఇచ్చిందో, ఏది పోయిందో తేల్చుకోవడం కష్టం. పురుగు మరక చూసిన ఆ సోమవారం ఆమె దుప్పట్లు ఉతుకుతూ వెనక్కి వెతుక్కోవడం మొదలెట్టింది. టైర్ల పుస్తకం ఉంది కదా, అది తన చేతిరాతే. అతను మాత్రం "నా పుస్తకం" అంటాడు, పైగా ఏ పేజీలో ఏముందో చూడకుండా చెబుతాడు. పుస్తకం తీసి చూసింది. అక్షరాలు తనవే, ఒక్క వాక్యమైనా రాసినట్టు తోచలేదు. అయిదేళ్ళ కిందట అత్తగారికి జబ్బు చేస్తే నలభై రోజులు ఆమె మంచం పక్కనే కూర్చుంది. ఆ మధ్య ఎవరో వస్తే అత్తగారు, "ఆ నలభై రోజులూ మావాడు కన్ను మూయలేదు" అన్నారు. ఆయన ఆ నలభై రోజుల్లో ముప్పై రోజులు పోటీల్లో ఉన్నారు కదా అని ఆమె అప్పుడు మనసులో అనుకుంది. కన్నతల్లికి అలా అనిపిస్తే తప్పేముందిలే అని సరిపెట్టుకుంది. ఇప్పుడు ఆ గదిని గుర్తు తెచ్చుకుందామని చూస్తే కిటికీ ఏ పక్కన ఉందో తెలియలేదు. సబ్బు చేతులతోనే వెళ్ళి భర్తని అడిగింది.

"అమ్మకి అప్పుడు పట్టిన మందు ఏ రంగు?"

"గులాబీ రంగు. చెంచా అడుగున మడ్డి మిగిలేది. కక్కేస్తుందని బెల్లం ముక్క చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ణి" అన్నాడు. చెబుతుంటే అతని కళ్ళు చెమర్చాయి. అబద్ధం చెప్పేవాడి మొహం కాదది.

మర్నాడు చేతి తొడుగులు తిరిగిచ్చే నెపంతో ఆమె షెడ్డుకి వెళ్ళింది. మెకానిక్ ముసలాయన. ఆమె కొత్తవాళ్ళ తరగతిలో ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. ఇంజిన్ చప్పుడు విని ఎవరు నడుపుతున్నారో చెప్పగలిగే మనిషి ఆయన. మొదటి ఆదివారమే ఆయనకి తెలిసిపోయింది. తెలిసీ ఊరుకున్నాడు.

"సొమ్మొకడిది సోకొకడిది అంటారు. అలాంటివి ఇక్కడ బోలెడు చూశాను, అందుకే నోరు మెదపలేదు" అన్నాడు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "ఇది అలా లేదమ్మా. మొన్న పానా కోసం వ్యాను వెనక్కి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే అతను సీటు మీద కూర్చున్నాడు, కళ్ళు మూసుకుని. ఎడమకి వంగుతున్నాడు, కుడికి వంగుతున్నాడు. నువ్వు ట్రాక్ అవతలి కొసన ఉన్నావు. అక్కణ్ణుంచి చప్పుడు మా చెవిన పడటానికి కాస్త సమయం పడుతుంది. అతను చప్పుడు రాకముందే వంగుతున్నాడు."

"నిద్రలోనేమో బాబాయ్."

"నిద్రైతే ఏడో రౌండులో నీ వెనక చక్రం జారినప్పుడు అతని కాలు ఎందుకు నేలకి తన్నుకుంది?"

ఆమెకి చక్రం జారిన సంగతి తెలియదు. అది చెప్పలేదు. తొడుగులు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు భోజనానికి వచ్చాడు. రెండేళ్ళకి కొత్త ఒప్పందం తెచ్చాడు. పరీక్షల్లో వచ్చిన వేగం చూసి కంపెనీ వాళ్ళు సంబరపడిపోతున్నారట. ఈ ఆదివారం ఆఖరి పరీక్ష, ఆ పై ఆదివారం సీజన్లో మొదటి పోటీ, అందులో ఇదే వేగం చూపిస్తే సంతకాలు. "ఈ వయసులో ఇలా లేచినవాణ్ణి నేను చూడలేదు. అందరూ కామెంటరీ చెప్పుకోవడానికో, పిల్లలకి నేర్పడానికో దిగిపోతారు" అన్నాడు.

"నేను పుట్టడమే వానలో పుట్టాను" అని నవ్వాడు అతను. "పంతొమ్మిదో ఏట, ఏడాది చివరి పోటీ. జోరు వాన. అందరూ మలుపుల్లో నిలువుగా నడుపుతున్నారు భయపడి. నేనొక్కణ్ణీ తెల్ల గీత పక్కన నీళ్ళు తక్కువ నిలుస్తాయని కనిపెట్టి, గీత వారనే పోయాను. ఆఖరి రౌండులో ముందు చక్రం ఎగరేసిన నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. జెండా కూడా చూళ్ళేదు. గెలిచానని ఎవరో చెబితే తెలిసింది."

ఆమె చేతిలో కూర గిన్నె ఉంది. అది పడలేదు. ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"అవును" అన్నారు అత్తగారు. "తడిసి ముద్దయి వస్తే నేనే కదూ తల తుడిచింది. తువ్వాలుతో గట్టిగా రుద్దుతుంటే, మెల్లగానే, చెవులు ఊడొస్తాయి అన్నాడు."

ఆ మాట అన్నది ఆమె. తల తుడిచింది ఆమె తల్లి. తల్లి పోయి ఆరేళ్ళయింది. ఆ చేతుల్ని ఆమె పొద్దస్తమానం తలుచుకోదు, కష్టమొచ్చినప్పుడు తీసి చూసుకోవడానికి దాచుకుంది. వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని వెతికింది. వాన శబ్దం ఉంది, ఎక్కడో దూరంగా, ఎవరింట్లోనో పడుతున్నట్టు. తువ్వాలు ఉంది. తువ్వాలు వెనక చేతులు లేవు. ముందు ఆయన కోసం చేసినవి ఆయనవయ్యాయి. తర్వాత ఆయన పేరు మీద చేసినవి. ఇప్పుడు దారి అలవాటు పడిపోయింది, ఇక దానికి పిలుపు అక్కర్లేదు. ఈ లెక్కన ఇంకో రెండేళ్ళకి తన బాల్యంలో మిగిలేది ఎవరు?

మేనేజరు వెళ్ళాక అతను మంచినీళ్ళకి వంటింట్లోకి వచ్చాడు. అత్తగారి ముందు ఆమె అతన్ని మీరు అంటుంది, ఇద్దరే ఉన్నప్పుడు నువ్వంటుంది. అత్తగారు గుమ్మంలోనే ఉన్నా ఆమె నువ్వనే అంది.

"ఆ రౌండ్లు నువ్వు తిరగలేదు. వానలో గెలిచింది నువ్వు కాదు. నువ్వు అయిదోవాడివి."

అతను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. జాలిగా చూశాడు. "బాగా అలిసిపోయావు. నా వెంట తిరిగి తిరిగి నీకు నావన్నీ నీవిలా అనిపిస్తున్నాయి" అన్నాడు.

"మగాడి కష్టం కూడా నాదేనంటావా అమ్మాయ్?" అన్నారు అత్తగారు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట."

"సరే, అయితే ఆదివారం నువ్వే ఎక్కు" అంది ఆమె. "నేను సూటు వేసుకోను."

"ఎప్పుడూ ఎక్కేది నేనేగా" అన్నాడు అతను. ఆ గొంతులో ఇసుమంతైనా జంకు లేదు. ఆమెకి భయమేసింది, తన కోసం కాదు. మూడో మలుపులోకి ఆ వేగంతో వెళ్ళొచ్చని అతని బుర్రకి తెలుసు. అక్కడ ఆమె చేతులు ఏం చేశాయో కూడా తెలుసు. అతని చేతులకి తెలియదు. పోటీ రోజున వెనక ముప్పై బండ్లు తరుముకొస్తుంటే ఆ సంగతి తెలియడం కంటే, ఖాళీ ట్రాక్ మీద ఈ ఆదివారమే తెలియడం మేలు.

ఆదివారం మళ్ళీ మంచు. అతను హెల్మెట్ పెట్టుకుని, వేలు పెట్టి బండి ట్యాంకు మీద రెండుసార్లు తట్టి ఎక్కాడు. అలా తట్టడం ఆమె అలవాటు. మెకానిక్ ఆమె వైపు చూశాడు, ఆమె నేల చూపులు చూసింది. బండి మంచులోకి వెళ్ళిపోయింది. మొదటి మలుపు చప్పుడు వినిపించింది, రెండోది వినిపించింది. మూడో మలుపు దగ్గర చప్పుడు ఆగిపోయింది.

పడిన చప్పుడు లేదు, రాపిడి లేదు. ఆగిపోయిందంతే. మేనేజరు లేచి నిలబడ్డాడు. ఆమె గోడ దూకి తడి ట్రాక్ మీద నడవసాగింది, నడక ఎప్పుడు పరుగయిందో తెలియదు. మంచులో ముందు ఎర్రటి బండి కనపడింది, తర్వాత మనిషి. మలుపు దాటకుండా గడ్డిలోకి దిగి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, హ్యాండిల్ వదలకుండా కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా వణుకుతున్నాడు. ఆమె అతని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.

"ఎలా తిరగాలో అంతా తెలుసు" అన్నాడు, పళ్ళు టకటకమంటుంటే. "ఎన్నిసార్లు తిరిగానో గుర్తుంది. మరి చేతులకెందుకు తెలీడం లేదు?"

ఆమె అతన్ని అలాగే పొదివి పట్టుకుంది. అతని మీద జాలి పుట్టింది, ఆ జాలి పాతదే, పదకొండేళ్ళుగా తనని నడిపిస్తున్నదే. ఈసారి ఆమె దాన్ని పోనిచ్చి, అతన్ని లేపి నిలబెట్టి, బండి తోసుకుంటూ వెనక్కి వచ్చింది.

మేనేజరుకి ఆమె నిలబడే చెప్పింది. అయిదు ఆదివారాలూ బండి నడిపింది తనేనని, పోటీకి ఆయన్ని దింపితే మనిషి దక్కడని. మేనేజరు ముందు నవ్వాడు. తర్వాత మెకానిక్ వైపు తిరిగాడు. ముసలాయన టోపీ తీసి, "అవును" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన ఉద్యోగం పోవచ్చని ముగ్గురికీ తెలుసు.

మేనేజరు చాలాసేపు స్టాప్‌వాచీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇది బయటికి పొక్కితే అందరం వీధిన పడతామన్నాడు. నలభై ఏడుకి కామెంటరీ పని చూద్దామన్నాడు, మాట బాగుంటుంది కదా, చూసినట్టు చెబుతాడు. మగవాళ్ళకి కింద ఎప్పుడూ ఒక పరుపు వేసి ఉంటుందని ఆమెకి అప్పుడు తోచింది. చివర్లో ఆమె వైపు తిరిగి, "నీకు లైసెన్సు ఎప్పటిదమ్మా?" అని అడిగాడు.

"పదేళ్ళ కిందటే అయిపోయింది."

"అయితే కొత్తవాళ్ళ తరగతి నుంచి మొదలెట్టాలి. నీ వయసులో దిగేవాళ్ళే గానీ ఎక్కేవాళ్ళు లేరు" అన్నాడు. చెడ్డగా అనలేదు. ఉన్నమాటే అన్నాడు.

అత్తగారు మూడు వారాలు ఆమెతో మాట్లాడలేదు. "నోటి దగ్గరి కూడు నేలపాలు చేసింది" అని గోడలతో అనేవారు. అతను పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ రౌండ్లు వర్ణించేవాడు. కామెంటరీ వాళ్ళకి అతని మాట నచ్చింది, వచ్చే నెల నుంచి రమ్మన్నారు. వింటుంటే ఆమెకి కూడా బాగుండేది, ఎవరో ధైర్యం గల ఆడమనిషి కథ అన్నట్టు.

నాలుగో వారం ఆమె ట్రాక్ ఆఫీసుకి వెళ్ళింది. కౌంటరు వెనక గుమాస్తా ఒకావిడ, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, ఫారం నింపుతోంది. వయసు ముప్పై ఒకటి అని రాసి ఒకసారి తలెత్తి చూసింది. "ఇంతకుముందు ఈ ట్రాక్ మీద ఎన్ని రౌండ్లు తిరిగారు? ఉజ్జాయింపుగా చెప్పండి, ఎక్కువ ఉంటే ఒక పరీక్ష తగ్గిస్తారు."

నూరు పైనే. మెకానిక్ సాక్ష్యం చెబుతాడు. స్టాప్‌వాచీ అంకెలున్నాయి. ఆమె కళ్ళు మూసుకుని ఒక్క మలుపు కోసం వెతికింది. ఏమీ లేదు. పోట్లాడి తెచ్చుకుంటే అంకెలు వస్తాయి, గాలి రాదు.

"సున్నా వేయండి" అంది.

గుమాస్తా సున్నా వేసింది. నంబరు నూట మూడు ఇచ్చారు. ఇంకా అలవాటు పడనివాళ్ళని వెనకనుంచి గుర్తు పట్టడానికి వేసుకునే నారింజ రంగు చొక్కా ఇచ్చారు. అద్దె సూటు ముతగ్గా ఉంది, పాత చెమట వాసన వేస్తోంది. పద్దెనిమిదేళ్ళ కుర్రకారు మధ్య ఆమె వరసలో నిలబడింది. మొదటి రౌండులో అందరికంటే వెనకపడింది. రెండో మలుపులో గేరు తప్పు వేసింది. మూడో మలుపు ఆమెకి పూర్తిగా కొత్తది, ఎక్కడ వంగాలో తెలియక వెడల్పుగా పోయి, గడ్డి అంచు తాకి, మళ్ళీ దారిలో పడింది. ఎనిమిది రౌండ్లు తిరిగింది. హెల్మెట్ తీసేముందు కాసేపు చేతులు దాని మీదే పెట్టుకుని నిలబడింది, తీస్తే ఏమవుతుందోనని. తర్వాత తీసింది.

ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగయింది. మెట్లెక్కుతూ ఆ ఎనిమిదీ ఉన్నాయా లేవా అని లోపలికి తొంగి చూసుకోలేదు, భయం. లోపలికి వెళ్ళగానే అతను చెప్పడం మొదలెడతాడు. గేరు తప్పు వేశాను అంటాడు, గడ్డి అంచు తాకాను అంటాడు. అప్పుడిక ఈ భూమ్మీద తనదంటూ నిలబడే చోటు ఉండదు. తలుపు తీసింది. అత్తగారు సోఫాలో కునుకు తీస్తున్నారు. అతను కిటికీ దగ్గరి కుర్చీలోంచి తలతిప్పాడు. ఆమె జుట్టు చూశాడు. మోచేతి మీద అంటిన మట్టి చూశాడు. మొహంలోకి చాలాసేపు చూశాడు, తెలిసిన ఇంటికి వచ్చి తలుపు తడుతుంటే ఎవరూ తీయనట్టు. అతని పెదవులు కదిలాయి, మాట రాలేదు. నుదురు చిట్లించాడు. మళ్ళీ చూశాడు.

"ఎక్కడికెళ్ళావు?" అన్నాడు చివరికి.

పదకొండేళ్ళలో అతను ఆమెని ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఆమె గుమ్మంలోనే నిలబడి చెప్పులు విప్పింది. ముంజేతులు సలుపుతున్నాయి.

"నేను చెబితే గానీ నీకు తెలియని చోటికి" అంది.